నౌన్ అంటే పేరు

"నౌన్ అంటే... పేరు. చెప్పండి మాస్టారూ."

మందులు కొనుక్కుని వార్డులోకి వచ్చిన కూతురికి ఒళ్ళు మండిపోయింది.

ఎవరో నడివయసు ఆవిడ. నాన్న మంచం మీదే చనువుగా కూర్చుని, ఆయన కళ్ళ ముందు గ్లాసు ఆడిస్తోంది.

ఊరందరి పిల్లలకీ ఇంగ్లీషు గ్రామర్ నూరిపోసిన మనిషాయన. ఆయనకా నౌన్ పాఠం!

మొన్న సాయంత్రం వాకింగ్ నుంచి వస్తూనే గుమ్మంలో కూలబడ్డారు. అప్పటినుంచి మాట లేదు. ప్రాణానికి భయం లేదు గానీ, మాట సంగతి చెప్పలేనన్నాడు డాక్టరు. నాన్న నోట "అమ్మడూ" అన్న పిలుపు ఇక వినపడదేమోనని ఆమెకి ఒకటే బెంగ.

"గ్లాసు... నౌన్. తాగు... వెర్బ్. చల్లటి..." ఆవిడ ఆగి, మాట కోసం వెతుక్కుంది. "యా... యాడ్జెక్టివ్."

నాన్న పెదవులు వణికాయి. కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

కూతురు హడలిపోయింది.

"ఎవరమ్మా నువ్వు? లే ముందు! ఆయన్నెందుకు ఏడిపిస్తున్నావ్?"

"నేను... మాస్టారి... మాస్టారి..."

"నీకే మాట తిన్నగా రావట్లేదు, మా నాన్నకి పాఠం చెప్తావా? ఆయనకింకేమైనా అయితే నువ్వు తెచ్చిస్తావా? పో ఇక్కణ్ణుంచి!"

ఆవిడ మొహం పాలిపోయింది. ఏదో చెప్పబోయింది గానీ మాట పెగల్లేదు. గ్లాసు జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, తలొంచుకుని వెళ్ళిపోయింది.

పీడా పోయిందనుకుంటూ కూతురు దుప్పటి సర్దబోయింది.

నాన్న ఆమె చెయ్యి విదిలించారు. తలుపు వైపే చూస్తూ రొప్పుతున్నారు. మొహం కందగడ్డలా అయింది. జబ్బు మళ్ళీ తిరగబెట్టిందా?

"సిస్టర్! తొందరగా రండి!"

"పి... పిలు..."

కూతురు చటుక్కున నాన్న వైపు తిరిగింది.

"పిలు!"

పేరు కాదు, పని చెప్పారు నాన్న.

ఆమె పడుతూ లేస్తూ పరుగెత్తింది. వరండా, మెట్లు, గేటు. ఎక్కడా ఆవిడ జాడ లేదు.

తిరిగొచ్చేసరికి నర్సు నాన్న నాడి చూస్తోంది.

"భయం లేదమ్మా, బానే ఉన్నారు. మాట కూడా వచ్చిందే!"

"సిస్టర్, ఇందాక వచ్చినావిడ... పిచ్చిదేమో అనుకుని నానా మాటలూ అనేశాను. ఎవరో తెలుసా మీకు?"

"అయ్యో, మీతో చెప్పలేదా మాస్టారు? ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకుందట. యాక్సిడెంట్‌లో తలకి దెబ్బ తగిలి మాట పడిపోయింది పాపం. మొన్నటిదాకా ఆ పక్క మంచమే ఆవిడది. రోజూ సాయంత్రం వాకింగ్‌కని బయల్దేరొచ్చి, నౌన్, వెర్బ్ అంటూ ఆవిడకి ఒక్కో మాటా మళ్ళీ నేర్పింది మీ నాన్నగారే."