నాయనమ్మ ఉందా, పోయిందా?

సినిమాలో నాయనమ్మ బతికుందో లేదో తేలాలి. అది తేలితే తప్ప టీకొట్టాయన కాపురం తేలదు.

పెళ్ళాం పుట్టింటికెళ్ళి నెల కావస్తోంది. తప్పు ఆయనది కాదు. పక్కకొట్టులో గడియారాలు బాగుచేసే ఆయన "బ్రహ్మాండమైన సినిమా, కళ్ళు మూసుకుని తీసుకెళ్ళు" అంటే నమ్మి, పెళ్ళాంతోపాటు అత్తగారినీ తీసుకెళ్ళాడు. కళ్ళు మూసుకున్నది అత్తగారు. తెరమీద మొదటి బాంబు పేలినప్పుడు మూసిన కళ్ళు, తన ఇంటికెళ్ళి మంచమెక్కేదాకా తెరవలేదు. దారి చూపించడానికి వెంట వెళ్ళిన కూతురు అక్కడే ఉండిపోయింది.

ఇన్నాళ్ళకి కబురొచ్చింది. ఆదివారం మ్యాట్నీకి తల్లీకూతుళ్ళు ఇద్దరూ వస్తున్నారు. నలుగురూ కూచుని చూడదగ్గ సినిమా అయితే పెళ్ళాం ఇంటికొస్తుంది. తుపాకీ పేలిందో, తల్లితోపాటే వెనక్కి వెళ్ళిపోతుంది. ఊళ్ళో ఆడుతున్నది ఒకటే సినిమా. అది ఎలాంటిదో చెప్పాల్సింది ఆ ఇద్దరే.

ఆ ఇద్దరూ అంటే టైలరూ, గడియారాలాయనా. ప్రతి శుక్రవారం కొత్త సినిమా చూసొచ్చి, టీకొట్టు బల్లమీద వాళ్ళు వాదులాడుకోని వారం లేదు. టైలరుకి ప్రతి సినిమా కుటుంబ కథే. గడియారాలాయనకి ప్రతి సినిమా బ్లాక్‌బస్టరే. పోయినవారం గడియారాలాయన "ఇంత దుర్మార్గుడైన విలన్‌ని పుట్టాక చూళ్ళేదు" అంటే, టైలరు అదే మనిషిని "ఆ ఇంటికి పెద్దల్లుడయ్యా, ఎంత మర్యాదస్తుడు" అని వెనకేసుకొచ్చాడు. ఆ వాదన వేడికి చల్లారిన టీ మళ్ళీ మరుగుతుందని అక్కడికొచ్చేవాళ్ళు చెప్పుకుంటారు. అబద్ధమనుకుంటే గ్లాసు పట్టుకుని చూడండి.

అలాగని పగవాళ్ళు కారు. శుక్రవారం వచ్చిందంటే ఇద్దరూ ఒకే తానులోంచి కుట్టిన గళ్ళ చొక్కాలు తొడుగుతారు. మీసం కూడా ఒకే కొలత. మసక చీకట్లో వాళ్ళ పెళ్ళాలే తికమక పడతారు. హాల్లో కుర్చీ గురించి కూడా ఇద్దరిదీ ఒకే మాట, స్ప్రింగు ఎడంపక్క గుచ్చుతోందని. సినిమా దగ్గరే పేచీ.

ఈ శుక్రవారం కూడా టైలరే ముందొచ్చాడు, ముక్కు ఎగబీలుస్తూ. చాలాసేపటికి గడియారాలాయన వచ్చాడు, హోరెత్తిన చెవిలో వేలు పెట్టి తిప్పుకుంటూ.

"సూటిగా చెప్పండయ్యా," అన్నాడు టీకొట్టాయన. "మా అత్తగారిని తీసుకెళ్ళొచ్చా?"

"మీ అత్తగారినే కాదు అన్నయ్యా, ఆవిడ అత్తగారుంటే ఆవిణ్ణి కూడా తీసుకెళ్ళు," అన్నాడు టైలరు. "ఒక నాయనమ్మ ఉంటుంది. మనవలందరికీ తనే ముద్దలు కలిపి పెడుతుంది. ముగ్గురు కోడళ్ళూ ఒకే దువ్వెనతో తల దువ్వుకుంటారు. అంత సఖ్యత."

"ఏ నాయనమ్మ?" అన్నాడు గడియారాలాయన. "గోడమీద ఫొటోలో ఒక ముసలావిడుంది. ఆవిడేనా? హీరో ఆ ఫొటోకి దణ్ణం పెడతాడు, బయటికెళ్ళి లారీ పేలుస్తాడు. మళ్ళీ దణ్ణం, మళ్ళీ లారీ. ఒంటికన్నుతో అంత గురి ఎలా కుదిరిందో."

"ఒంటికన్నేంటి బావా, పిల్లాడికి నిక్షేపంలాంటి రెండు కళ్ళుంటే? ఆ కళ్ళమీద ఒక పాట కూడా పెట్టారు."

"వాడు పుట్టు ఒంటికన్ను. నువ్వు వాళ్ళ తమ్ముణ్ణెవరినో చూసుంటావు."

టీకొట్టాయనకి తల తిరిగింది. "ఇద్దరూ చూసింది ఒకే సినిమానా?"

"ఒకే సినిమా," అన్నారు ఇద్దరూ కలిసి.

"పోనీ, చివరికి ఆ కుటుంబం ఏమవుతుంది?"

"ఏమవుతుంది? మంచి కుటుంబం మంచిగానే ఉంటుంది," అన్నాడు టైలరు. "మనుషులు మధ్యలో మారిపోతారా ఏంటి?"

"అసలు వాడికి కుటుంబం ఉంటే కదా," అన్నాడు గడియారాలాయన.

"ఇలా కాదు," అన్నాడు టీకొట్టాయన. "తప్పు చెప్పినవాడు మీసం తీసెయ్యాలి. సరేనా?"

ఇద్దరూ గబుక్కున మీసాల మీద చేతులేసుకున్నారు.

"మీసం జోలికి మాత్రం రాకు," అన్నాడు గడియారాలాయన.

"ఒకడి మీసం పోతే ఇద్దరికీ నష్టం," అన్నాడు టైలరు.

"అయితే ఆదివారం నేనెళ్ళే ఆటకే మీరూ రండి. ఆట వదిలాక మా అత్తగారి ముందు నిలబడి, తప్పెవరిదో ఒప్పుకోండి."

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. కాసేపు నసిగి, సరే వస్తామన్నారు.

ఆదివారం హాల్లో టైలరు రెండు వరసల ముందు కనబడ్డాడు, ఎడంపక్కకి ఆనకుండా వంకరగా కూచుని. గడియారాలాయన జాడ లేదు. ఓడిపోతానని తెలిసి మొహం చాటేశాడనుకున్నాడు టీకొట్టాయన.

అనుకోడూ మరి? టైలరు చెప్పింది అక్షరాలా నిజం. నాయనమ్మ ఉంది. ముద్దలున్నాయి. దువ్వెన ఉంది. హీరోకి రెండు కళ్ళూ ఉన్నాయి, వాటిమీద పాటా ఉంది. అత్తగారు చేతిరుమాలు పిండుకునేలా ఏడ్చి, "మా అల్లుడు మంచివాడే, నేనే ఏదో అనుకున్నాను" అంది. పెళ్ళాం చీకట్లో ఆయన చెయ్యి పట్టుకుంది.

"పెట్టె సర్దుకునే వచ్చాలే," అని చెవిలో చెప్పింది. "ఆట అవగానే ఇంటికే."

ఇంటర్వెల్ పడింది. టీకొట్టాయన కాలు నేలమీద ఆనకుండా నడిచి, అత్తగారికి కూల్‌డ్రింకు తేవడానికి బయటికొచ్చాడు. గేటు దగ్గర గళ్ళ చొక్కా కనబడింది. కాపురం నిలబెట్టిన మనిషని, కావలించుకుందామని అటు నడిచాడు.

టైలరు ముక్కు ఎగబీల్చుకుంటూ, జేబులోంచి చించిన టికెట్టు ముక్క తీసి, అదే గళ్ళ చొక్కాలో అప్పుడే వీధిలోంచి వచ్చిన గడియారాలాయన చేతిలో పెట్టి, "వెళ్ళు బావా, ఇక్కణ్ణించి నీ వంతు" అన్నాడు.