శుక్రవారం చీర

ఉతికిన చీరకీ, ఉతికానని చెప్పిన చీరకీ తేడా దేవుడికి తెలుస్తుందా? రామలక్ష్మిగారికి ఈ సందేహం ఏళ్లుగా ఉంది. ఎవరినీ అడగలేదు. పంతులుగారిని అడిగితే, ‘ఎందుకొచ్చిందమ్మా ఈ సందేహం?’ అంటారు.

కోడలు సుప్రియ మీద మాత్రం ఆవిడకి అనుమానమే లేదు. తన అత్తగారు పోతూ ఇచ్చిన ముతక నేతచీర ఒకటి ఆవిడకుంది. శుక్రవారం పూజకి మడి. ఎవరి బట్టల్లోనూ కలపకుండా చేత్తో ఉతికి, ఎవరూ తాకకుండా కర్రతో దండెం మీద ఆరేస్తానని కాపురానికొచ్చిన కొత్తలోనే సుప్రియ మాటిచ్చింది.

ఆ శుక్రవారం రామలక్ష్మిగారు దండెం మీంచి చీర తీస్తుంటే, మడతలోంచి కొడుకు సాక్సు ఒకటి జారి కాళ్ల దగ్గర పడింది.

“ఏంటమ్మా ఇది?”

సుప్రియ తల దించుకుంది. “మెషిన్‌లో వేశానండీ.”

“ఎప్పట్నుంచి?”

“మెషిన్ కొన్నప్పట్నుంచీ అత్తయ్యగారూ. ఎండాకాలం కాలువలకి నీళ్లు కట్టేస్తే కుళాయి రోజు విడిచి రోజే కదండీ. చేత్తో ఉతికితే మీ ఒక్క చీరకే మూడు బకెట్లు పోతాయి. అందరివీ కలిపి మెషిన్ నిండా వేస్తే ఒక్కసారితో అయిపోతుంది. నీళ్లూ, కరెంటూ మిగులుతాయని...”

“నీళ్లు మిగిల్చి నన్ను ముంచావు కదే!”

రావులపాలెం అరటి మార్కెట్టుకి బయల్దేరుతున్న గణేష్‌బాబు నవ్వేశాడు. “పోనీలే అమ్మా, నా సాక్సుకైనా కాస్త పుణ్యం అంటింది.”

“నువ్వు నోరుమూసుకోరా. ఇన్ని శుక్రవారాలు దేవుడి ముందు నన్ను వెర్రిదాన్ని చేసి నిలబెట్టింది. ఇంక ఈ ఇంట్లో నేనెవరి మాట నమ్మను?”

సుప్రియ కళ్లు తుడుచుకుని చెయ్యి చాపింది. “ఇటివ్వండి. ఇప్పుడే చేత్తో ఉతికేస్తాను.”

“అక్కర్లేదు. నేనే ఉతుకుతాను.”

రామలక్ష్మిగారు పెరట్లో బకెట్లు వరసగా నింపుకున్నారు. సబ్బు పెట్టారు. బండకేసి బాదారు. జాడించారు. చాలక మళ్లీ జాడించారు. సుప్రియ గుమ్మంలో నిలబడి, పారిపోతున్న నీళ్లని దిగులుగా చూసింది.

“తొట్టి ఖాళీ అయిపోతోందండీ...”

“అవనీ. ఈ ఒక్కసారికే.”

తన అత్తగారు బతికున్నన్నాళ్లూ, ఉతికానని ఆవిడకి చెప్పి, చెంబెడు నీళ్లతో తడిపి తాను దండెం మీద వేసేసిన ఆ చీరని, రామలక్ష్మిగారు మొట్టమొదటిసారి నిజంగా ఉతికారు.