మెడపట్టీ

ఈ దేశంలో సెల్ టవర్లు పీకేశారు. కమ్యూనికేషన్స్‌లో మాస్టర్స్ చేయడానికి వచ్చిన మా మెడలకు పట్టీలు కట్టారు. వీధిలో వాళ్ల ఫోన్లన్నీ ఇప్పుడు మా మీదుగానే వెళ్తాయి. పట్టీకి స్విచ్ ఉండదు, విప్పకూడదు.

పప్పుకు తాలింపు వేస్తుంటే కిందింటి ఓనరమ్మ ఉర్సులా తలుపు కొట్టింది. సిగ్నల్ సరిగా రావడం లేదట, వెళ్లి కిటికీ దగ్గర నిలబడాలట.

"రేపు పరీక్షండీ, చదువుకోవాలి."

"నిన్ను రానిచ్చింది చదవడానికి కాదు," అనేసి వెళ్లిపోయింది.

పట్టీ విప్పి, ఇంటి నుంచి తెచ్చుకున్న కుక్కర్లో పడేశాను. మూత బిగిస్తే ఆ లోహం దాటి ఏ సిగ్నలూ బయటికి రాదు.

"వీసా పోద్దిరా," అన్నాడు రూమ్మేట్ జోజిబాబు.

"పోనీరా," అని మూత బిగించాను.

కింద ఉర్సులా ఫోన్‌లో నన్ను తిడుతున్న తిట్టు మధ్యలోనే తెగిపోయింది. రెండేళ్లుగా ల్యాబ్ మొహం చూడని నేను ఇక్కడ చేసిన మొదటి ప్రయోగం అదే.