మలుపు దగ్గర కూత

"చెప్పవయ్యా, అందరికీ వినపడేటట్టు చెప్పు" అన్నాడు పాస్టరయ్య.

భద్రయ్య లేచి నిలబడ్డాడు. జీవరాజు రైలింజను నడిపిన రోజుల్లో అతని పక్కన బొగ్గు వేసిన మనిషి. పోలీస్ యాక్షన్ అయిన ఏడాదే మహబూబ్‌నగర్ దిక్కుకు బదిలీ అయి, మళ్లీ ఈ ఆదివారం జీవరాజు జ్ఞాపకార్థ కూడికకే సికింద్రాబాద్ వచ్చాడు. రెజిమెంటల్ బజార్ సందులోని జీవరాజు ఇంట్లో అతనికి తెలిసిన ముఖం గోడ మీది ఫోటో ఒక్కటే. దానికే దండం పెట్టాడు.

లూకా గుమ్మం పక్కన కూర్చుని జేబులో తన ఇంటి తాళంచెవి తిప్పుతున్నాడు. ఆదివారం దుకాణానికి సెలవు కాబట్టి కూడిక పనులన్నీ అతనే చూశాడు. జీవరాజు అతనికి చిన్నాన్న. తండ్రి పోయాక పెంచింది ఆయనే. బట్టల దుకాణంలో పని ఇప్పించింది, ఆలిస్‌తో పెళ్లి చేసింది, కొత్త కాపురానికి ఇల్లు వెతికిపెట్టింది ఆయనే. రెండేళ్ల కింద ఆలిస్ పోతే లూకా కంటే ఎక్కువ ఏడ్చిందీ ఆయనే.

లూకాకు ఏడుపు రాలేదు. ఆ ఇల్లాలు ఏనాడూ వేడన్నం పెట్టలేదు. దుకాణం మూసి ఇల్లు చేరేసరికి కుండలో అన్నం గడ్డకట్టి ఉండేది. అడిగితే, "రజాకార్లు తిరిగే దినాలు. పొద్దుండంగనే పొయ్యి ఆర్పుకోవద్దా?" అనేది. రజాకార్లు పోయారు. అన్నం మాత్రం వేడెక్కలేదు.

"మా సాబ్ పెద్ద భక్తుడని ఇప్పుడే అమ్మ చెప్పింది" అని మొదలుపెట్టాడు భద్రయ్య.

చెప్పింది జీవరాజు భార్య రోసమ్మ. "ఆ దినాల్ల ఆయన మాపటికి ఉపాసమే. డ్యూటీ దిగి ఇంటికొస్తె రెండు మెతుకులు ముట్టి లేస్తుండె. దేశం గిట్ల పరేషాన్‌ల ఉంటె తిండెట్ల దిగుతది అంటుండె." అది విని అందరూ ఆమేన్ అన్నారు.

"ఉపాసం సంగతి నాకు తెల్వదు" అన్నాడు భద్రయ్య. "కూత సంగతి చెప్త. టేషన్ రాకముందు ఒక మలుపుండె. ఆడ గేటు లేదు, సిగ్నల్ లేదు. అయినా సాబ్ ఒకటి పొడుగ్గ, రెండు పొట్టిగ కూత కొట్టేది. ఎందుకు సాబ్ అంటే, 'మా ఇంటిది వింటది ర, ఎసరు పెడ్తది. బండి షెడ్ల పెట్టి పోయేసరికి అన్నం పొగలు గక్కుతుంటది' అనెటోడు."

ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

"ఆదివారం సుత కూసెటోడా?" అంది పక్కింటి శ్యామలమ్మ.

"ఆదివారం కొట్టకపోతుండె అమ్మా. ఏంది సాబ్ అంటే, ఇయ్యాల దేవుని దినం అనెటోడు."

"చూశారా భక్తి!" అన్నాడు పాస్టరయ్య.

భద్రయ్యకు హుషారొచ్చింది. "పోలీస్ యాక్షన్‌ల బండ్లు బంద్ అయినయి. మళ్ల షురూ అయిన నాడు సాబ్ కూత ఆపనే లేదు. అమ్మ కుచ్చెళ్లు ఎత్తి పట్టుకోని పట్టాల దాకా ఉరికొచ్చింది. అగో, లేడిపిల్ల ఉరికినట్టే!" రోసమ్మ వైపు తిరిగాడు. "యాదికున్నదా అమ్మా?"

నవ్వులు ఆగిపోయాయి. రోసమ్మకు పుట్టుకతోనే ఎడమకాలు అవిటి. ఊతకర్ర లేనిదే గడప దాటదు. ఆమె మెల్లగా ఆ కాలును చీర కిందికి లాక్కుంది.

"ఎండల వచ్చిండు, మతి తప్పినట్టున్నది" అంటూ లూకా లేచాడు. "నీళ్లు తాగుదువు రా." భద్రయ్య రెక్క పట్టుకుని అరుగు మీదికి తీసుకొచ్చాడు.

"ఎవరామె?"

"తప్పయింది సారూ. ఇంజన్ల నుంచి చూసుడే గని దగ్గరికి పోలే. గీ అమ్మే అనుకున్న."

"ఉపాసమని చిన్నమ్మను నమ్మిచ్చిండు. నేను సుత నమ్మిన. దేవుని తర్వాత ఆయనే అనుకున్న." అన్నాడు లూకా. "ఆ ఫోటోకు దండ నా చేత్తోని వేసిన. తెంపి మోరీల పారేస్త."

"జెర మెల్లగ. అమ్మ వింటది."

"చిన్నమ్మ ముంగట మళ్ల నోరు తెరిస్తె మర్యాద దక్కదు నీకు. ఆ సిగ్గులేనిదాని ఇల్లేడనో చెప్పు. వాకిట్లకు పిలిచి నలుగుట్ల అడుగుత. దానికి మొగుడున్నడా?"

"ఉన్నడో లేడో, నేనెన్నడు చూడలే."

"ఉంటె వాన్ని సుత అడుగుత. ఇంట్ల ఇంత జరుగుతుంటె గుడ్డోని లెక్క ఉన్నవేందిరా అని అడుగుత."

లోపలి నుంచి పాస్టరయ్య పిలిచాడు. "లూకా, రావయ్యా. చిన్నాన్న గురించి ఇప్పుడు నువ్వు చెప్పాలి."

"ఒస్తున్న" అన్నాడు లూకా, భద్రయ్యను వదలకుండా. "ఏడ?"

భద్రయ్య అటూ ఇటూ చూశాడు. "సీతాఫల్‌మండి కాడ. మలుపుల ఒకటే ఇల్లు, నీలం తలుపు, ముంగట జామచెట్టు. ఇయ్యాల పొద్దుగాల బండ్ల నుంచి చూసిన. తాళమేసి ఉన్నది."

లూకా జేబులోంచి చెయ్యి తీయలేదు.

ఆ ఇంటి తాళంచెవి అతని వేళ్ల మధ్యే ఉంది.