నడుం కట్టిన ఏడు

“ఆ పేపరు నా కళ్లతో చూస్తేగానీ ఇక్కణ్ణుంచి కదలను,” అంది టైలరమ్మ. మెడలో టేపు తియ్యడం కూడా మరిచిపోయి వచ్చిందామె.

హెడ్మాస్టరు గదిలో బల్ల మీద కప్పులు వరసగా ఉన్నాయి. సైన్సుకొకటి, చరిత్రకొకటి, బొమ్మలకొకటి, పాటకొకటి, పరుగుపందేనికొకటి. ఒక్కోదానికీ దారంతో కట్టిన పేరు చీటీ. అన్నిటిలోకీ పొడుగుది లెక్కల కప్పు. దాంతోపాటు పెద్ద కాలేజీలో ఫీజు లేని సీటు కూడా వస్తుంది. దాని చీటీ మీద లెక్కల మాస్టారి కూతురి పేరుంది. ఆ అమ్మాయికి నూటికి నూరు. టైలరమ్మ కూతురికి తొంభై ఎనిమిది.

బయట హాల్లో కుర్చీలు నిండుతున్నాయి. ఎవరో మైకులో “హలో, హలో” అంటున్నారు.

“రెండు మార్కులకి ఇంత రాద్ధాంతమా?” అన్నాడు లెక్కల మాస్టారు. “ఎప్పుడూ మీ పిల్లకే రావాలంటే ఎలాగమ్మా? ఇంకొకళ్లకి వస్తే ఏడుపు!”

“రెండు మార్కులకి కాదు మాస్టారూ. మొన్నమొన్నటిదాకా అరవై దాటని పిల్ల ఉన్నట్టుండి నూరెక్కి కూర్చుంది. గోడెక్కే మేక కూడా ముందు రాయెక్కుతుంది కదండీ!”

“నా కూతురని మార్కులు ధారపోశాననా మీ అనుమానం? నేను దిద్దిన ప్రతి పేపరూ హెడ్మాస్టరు గారు మళ్లీ చూశారు. అడగండి.”

“నిజమేనమ్మా,” అన్నాడు హెడ్మాస్టరు. “నేనే చూసి బీరువాలో పెట్టాను. ఆ పేపర్లో ఒక్క అంకె తప్పు లేదు.”

“లేకపోతే తీసి చూపించడానికి ఏం రోగం?”

గుమ్మం దగ్గర నిలబడ్డ కూతురు వచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది. “పోదాం రామ్మా. అందరూ చూస్తున్నారు.”

“చూడనీ! రాత్రింబవళ్లు కూర్చుని చదివింది నువ్వు. కప్పు పట్టుకుని ఫొటో దిగేది ఇంకొకళ్లా?”

“ఈవిడకి చూపించి ఏం లాభం సార్?” అన్నాడు మాస్టారు నవ్వుతూ. “గుడ్డికన్ను మూసినా ఒకటే, తెరిచినా ఒకటే. పెద్ద క్లాసు లెక్కలు ఈవిడకేం తెలుస్తాయి?”

ఆ నవ్వు హెడ్మాస్టరుకీ నచ్చినట్టు లేదు. వచ్చినవాళ్లంతా గుమ్మంలోంచి తొంగి చూస్తున్నారు. గొడవ తెగ్గొట్టాలని లేచి, బీరువా తెరిచి, నూరు మార్కుల పేపరు తీసి ఆమె ముందు పెట్టాడు.

టైలరమ్మ లెక్కల జోలికి పోలేదు. కొలతల పుస్తకం చూసుకున్నట్టు అంకెల మీద వేలు పెట్టుకుంటూ పోయింది. రెండో పేజీలో వేలు ఆగింది.

“ఏడుపు కాదు మాస్టారూ, ఏడు!” అంది. “ఇదిగో, ఈ ఏడు మా ఇంటిది.”

ఆ పేపర్లో ఎక్కడ 7 వచ్చినా దాని నడుం మీద అడ్డంగా చిన్న గీత ఉంది. గుడ్డ మీద సుద్దతో రాసినప్పుడు ఒకటీ ఏడూ ఒక్కలాగే కనపడతాయి. ముప్పై ఏడు నడుం ముప్పై ఒకటి అయిందంటే ప్యాంటు తొడుక్కున్నవాడికి ఊపిరాడదు. అందుకని ఆమె కొట్లో ఏడుకి నడుం కట్టందే కత్తెర ఆడదు. కూతురికీ అదే అలవాటయింది.

“ఇది మా పిల్ల రాత. కావాలంటే దాని పేపరు కూడా తీసి పక్కన పెట్టండి.”

పెట్టారు. రెండూ కవలపిల్లల్లా ఉన్నాయి. అవే అక్షరాలు, అవే కొట్టివేతల్లేని వరసలు, అవే నడుం కట్టిన ఏడు అంకెలు. తేడా అల్లా ఒక్క లెక్కలో. తొంభై ఎనిమిది పేపర్లో ఉన్న తప్పు నూరు పేపర్లో లేదు.

హెడ్మాస్టరు ముఖం కందగడ్డయింది. “లెక్క చూశానుగానీ రాత చూడలేదు,” అని గొణుక్కున్నాడు. వెంటనే పిల్ల మీద విరుచుకుపడ్డాడు. “పరీక్షలో ఇంకొకళ్ల పేపరు రాసిపెట్టావా? దీనికి శిక్షేమిటో తెలుసా నీకు?”

లెక్కల మాస్టారు చటుక్కున అందుకున్నాడు. “చూశారా సార్, స్నేహం పేరు చెప్పి ఎంత పని చేశారో! నా కూతురని వెనకేసుకురాను. ఇద్దరి పేర్లూ కొట్టేయండి. కప్పూ వద్దు, సీటూ వద్దు. మూడో స్థానం వచ్చినవాళ్లకి ఇచ్చేద్దాం.”

హెడ్మాస్టరు ఎర్ర పెన్ను మూత తీశాడు.

కొరివితో తల గోక్కున్నట్టయింది టైలరమ్మకి. గుమ్మంలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె కోపమంతా ఒక్కసారిగా కూతురి మీదికి మళ్లింది. పిల్ల భుజాలు పట్టుకుని ఊపేసింది.

“నోరు తెరవ్వే! నీ కొంప నువ్వే కూల్చుకుంటావా? ఏం పెట్టి మాయ చేసిందే ఆ పిల్ల?”

“ఆ పిల్లకేం తెలీదమ్మా!” పిల్ల వెక్కుతూ అంది. “నీ రాత బాగుంటుంది, గోడకి అంటిస్తాం, తప్పు దిద్దుకుని మళ్లీ ఒకటి రాసివ్వమని పరీక్షయిన మర్నాడు లెక్కల సారే కొత్త పేపరిచ్చారు... పైన పేరు మాత్రం తనే రాసుకుంటానన్నారు.”