ఎర్ర బటన్

“అన్నకేమో టేప్ రికార్డర్, నాకేమో ఉత్త పాటలినే వాక్‌మనా! సచ్చేదాక బాపుకు పెద్దోడే ముద్దు!” పరమేష్ చేతిలోని వాక్‌మన్‌ను మంచం మీదికి విసిరాడు.

“చిన్నోనికి ఎర్ర బటన్ లేనిదే ఇయ్యుమని మీ బాపే చెప్పిపోయిండు బిడ్డా. ముందుగాల అండ్లున్న క్యాసెట్ ఒకపారి ఇని మాట్లాడు,” అంది దుర్గమ్మ.

“గా పాత పాటలు నాకెందుకే!”

గౌడవెల్లిలో ఒగ్గు కథంటే గౌరయ్యే. ఆయన పక్కన నిలబడి నేర్చుకున్నవాడు పెద్దకొడుకు చక్రపాణి. పరమేష్ మేడ్చల్ కంపెనీలో షిఫ్టులు చేసుకుంటూ ఉండిపోయాడు. “అచ్చం గౌరయ్య గొంతే!” అని జనం అన్నను మెచ్చుకున్నప్పుడల్లా తమ్ముడికి కడుపు మండిపోయేది. కుళ్లుకు మందు లేదంటారు.

ఆదివారం అన్న ఇంటికి పోయి అడిగేశాడు. “గా టేప్ రికార్డర్ పెట్టె నాకిస్తవా, లేదా? నేను గూడ కథ పాడి ఎక్కిస్త.”

“గంత పరేషాన్ ఎందుకురా? ఫోన్ల రికార్డు జేస్కోరాదు?”

“నాకు బాపు పెట్టెనే గావాలె.”

“తీస్కపో. ఖాళీ పెట్టె, అండ్ల క్యాసెట్ గూడ లేదు,” చక్రపాణి నవ్వాడు. “గని పైలం. చిన్నప్పుడు బాపు మల్లన్న కథ మీద నీ ముచ్చట్లు ఎక్కించి చెరిపినవ్, యాదుందా?”

ఆ నవ్వు పుండు మీద కారం చల్లినట్టయింది.

ఇంటికొచ్చి వాక్‌మన్‌లోని క్యాసెట్ తీసి పెట్టెలో వేశాడు. రికార్డు చేసే ఎర్ర బటన్ దిగలేదు. చూస్తే, క్యాసెట్ వీపున ఉండాల్సిన రెండు ప్లాస్టిక్ ముక్కలూ లేవు. అవి లేకపోతే కొత్తగా ఏదీ రికార్డు కాదు. జాతరలో కొన్న పాటల క్యాసెట్లన్నీ అలాగే వస్తాయి మరి. ఆ కిటుకు పరమేష్‌కు చిన్నప్పుడే తెలుసు. కాగితం ఉండచుట్టి గుంతల్లో కుక్కాడు. బటన్ టక్కున దిగింది.

చాటుగా విని కంఠతా పట్టిన మల్లన్న కథను, తొడ మీద దరువేసుకుంటూ రెండు వైపులూ నిండేదాకా పాడాడు.

తల్లిని కూర్చోబెట్టి వినిపించాడు. “ఇప్పుడు చెప్పమ్మా, అన్న గొంతు గొప్పదా, నాదా?”

దుర్గమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. “మస్తుగ పాడినవ్. అచ్చం మీ బాపే.”

ఆ ఒక్క మాటకు పరమేష్ కడుపులో ఇన్నేళ్ల మంట చల్లారింది. దుర్గమ్మ మంచం మీది వాక్‌మన్ తీసి కొడుకు చేతిలో పెట్టింది.

“ఇగ గీండ్లున్న క్యాసెట్ పెట్టు బిడ్డా, బాపు నీకోసమే పాడి దాచిండు.”