సిల్కు ప్యాంటు ఆవిడ

పోల్ డాన్స్ క్లాసుకి షార్ట్స్ వేసుకుని రమ్మన్నారు. లెక్కల టీచరు వేసుకుంది. వాటి మీద చీలమండల దాకా నల్ల లెగ్గింగ్స్ తొడిగింది. ఆపైన మోకాళ్ళు దాటే చొక్కా.

“అమ్మా, డాన్సుకి వెళ్తున్నావా, మంచుకొండ ఎక్కడానికా?” అంది కూతురు.

“నోర్ముయ్.”

“ఈత ఒక్కరోజు. కారు డ్రైవింగ్ ఒక్కరోజు. వయొలిన్ ఒక్కరోజు. దీనికి నువ్వు రెండోరోజు వెళ్తే నా పేరు మార్చుకుంటాను.”

అన్నీ ఒక్కరోజుతోనే ఎందుకు ఆగిపోయాయో ఆమెకొక్కదానికే తెలుసు. ఏ గదిలో అడుగుపెట్టినా ఆమె మనసు అడక్కుండానే అందరికీ ర్యాంకులు వేసేస్తుంది. చివరి ర్యాంకు తనదని తేలిన క్షణం కాళ్ళు గుమ్మం వైపు తిరుగుతాయి.

నలభై మూడేళ్ళు వచ్చాయి. ఈసారీ వెనక్కి తిరిగితే ఇంక కొత్తది ఏదీ ముట్టుకోనని తనలో తను ఒట్టు పెట్టుకుంది.

గదిలో ఆరు స్టీలు స్తంభాలు. తనతో కలిపి ఆరుగురు ఆడవాళ్ళు. గోడంతా అద్దం.

నలుగురు తనకంటే చిన్నవాళ్ళు, సన్నటివాళ్ళు.

ఐదో ఆవిడకి అరవై ఉంటాయి. వదులు సిల్కు ప్యాంటు, వేళ్ళకి మూడు ఉంగరాలు, చేతులకి నిగనిగలాడే క్రీము.

చివరి ర్యాంకు ఆవిడదే. లెక్కల టీచరు గుండె కుదుటపడింది.

“స్తంభాన్ని పట్టుకునేది మీ చర్మం,” అంది కోచ్ పిల్ల. “మధ్యలో బట్ట అడ్డొస్తే జారిపోతారు. ఒక మోకాలు చుట్టండి, రెండో కాలు లేపండి. ఎవరు ముందు?”

ఎవరూ కదల్లేదు. టీచరు చూపు గుమ్మం మీదికి పోయింది.

“నేను!” అంటూ సిల్కు ప్యాంటు ఆవిడ ఎగిరి స్తంభాన్ని వాటేసుకుంది.

సర్రున జారి చాప మీద చతికిలబడింది. ఉంగరాలు స్టీలుకి రాసుకుని కీచుమన్నాయి.

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా ఆవిడే నవ్వింది.

“బోణీ నాదే! ఈ సిల్కు ఒట్టి నమ్మకద్రోహి. అమ్మాయ్, నీ లెగ్గింగ్స్ దీనికి సొంత చెల్లెలు. తీసేయ్.”

“ఇక్కడా?”

“నేను కూలబడ్డ తీరు చూశాక ఇంక నీ కాళ్ళెవరు చూస్తారే!”

టీచరుకి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగేలోపే లెగ్గింగ్స్ లాగేసింది. ఇరవై ఏళ్ళుగా ఎండ ఎరగని తొడలు, వాటి మీద తెల్లచారలు, మోకాలి వెనక నీలం నరాలు. అద్దంలో అన్నీ చూసుకుంది.

కొంపలేమీ మునగలేదు.

మోకాలు చుట్టింది. చల్లటి స్టీలు చురుక్కుమనిపించి చర్మానికి అతుక్కుపోయింది. రెండో కాలు లేపింది.

పాదాల కింద నేల లేదు.

కోచ్ పది దాకా లెక్కపెట్టింది. టీచరు దిగలేదు. ఇంకో జానెడు పైకి పాకింది. మరో జానెడు. పైనుంచి అందరి నడినెత్తులూ కనిపించాయి. “వచ్చేసింది!” అని ఎవరో కేక పెట్టారు. ఆ గొంతు తనదేనని ఆమెకు కాసేపటికి గాని తెలియలేదు.

ఆ తర్వాత మిగతా నలుగురూ ఎక్కారు. సిల్కు ప్యాంటు ఆవిడ మాత్రం ఏడుసార్లు ఎక్కబోయి ఏడుసార్లూ జారింది.

వెళ్తూ వెళ్తూ టీచరు ఆవిడ భుజం తట్టింది. “దిగులుపడకండి పిన్నిగారూ. అందరికీ మొదటిరోజే రాదు.”

“నీ నోటి చలవ తల్లీ,” అందావిడ బుద్ధిగా.

వారం తిరిగింది. “కొత్త పేరు వెతుక్కో” అని కూతురికి చెప్పి, ఉత్త షార్ట్స్‌తోనే వీధి వెంట దర్జాగా నడిచి, టీచరు అరగంట ముందే చేరుకుంది.

తలుపు అద్దంలోంచి చూస్తే లోపల కొత్త బ్యాచ్. బిక్కమొహాలు వేసుకున్న ఐదుగురు ఆడవాళ్ళు. వాళ్ళ ముందు సిల్కు ప్యాంటు ఆవిడ సర్రున జారి, చాప మీద పడి పకపకా నవ్వుతోంది.

టీచరు మనసు చివుక్కుమంది.

“పాపం, ఆవిణ్ణి మళ్ళీ మొదటి క్లాసులో కూర్చోబెట్టేశారా?” అంది, మంచినీళ్ళకి బయటికొచ్చిన కోచ్‌తో. “నా పక్కన నిలబెట్టండి. నేను దగ్గరుండి నేర్పిస్తాను.”

కోచ్ తలుపు మెల్లగా దగ్గరకి వేసింది.

“అక్కా, నాకు నేర్పింది ఆవిడే; ఎవరో ఒకరు ముందు పడితేగాని కొత్తవాళ్ళు ఎక్కరని, క్లాసులన్నీ నా చేతికిచ్చేసినా ఆ పడే పని మాత్రం తన దగ్గరే ఉంచుకున్నారు.”